పాసైన తమ్ముడు

1918 జనవరిలో లండన్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పరీక్షకు ఇద్దరు తెలుగు అన్నదమ్ములు కూర్చున్నారు. అన్నకు ఇరవై రెండేళ్లు, తమ్ముడికి పంతొమ్మిది. తమ్ముడు ఆనర్సుతో గట్టెక్కాడు. అన్న తప్పాడు.

తప్పిన అన్న తొంభై ఏళ్లు బతికాడు. దేశదేశాలు తిరిగి మాట్లాడాడు. మదనపల్లెలో ఆయన పుట్టిన ఇంటిని వెతుక్కుంటూ ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తుంటారు. ఆయన జిడ్డు కృష్ణమూర్తి. పాసైన తమ్ముడు ఆ పరీక్ష రాశాక పట్టుమని ఎనిమిదేళ్లు కూడా లేడు. జిడ్డు నిత్యానంద అని పేరు చెబితే మా చిత్తూరు సీమలోనే చాలామంది, ఏ స్వామీజీనో అనుకుంటారు.

అన్న తప్పిన కథ అందరికీ తెలుసు. మొదటి సెమిస్టర్లో మూడు నాలుగు సబ్జెక్టులు పోగొట్టుకుని తల వంచుకు నిలబడ్డ పిల్లాడి కోసం మా వైపు అయ్యవార్లు దగ్గర పెట్టుకునే కథ అది. మూడుసార్లు తప్పినాయనే లోకానికి గురువైనాడు, నీదెంతప్పా, అంటాం. పిల్లాడు కూడా కాస్త తేరుకుని సప్లీకి ఫీజు కట్టుకోవడానికి వెళ్తాడు. మంచి కథే, పని చేసే కథే. అయితే అందులో అన్న పక్కనే నిలబడి, చెప్పిన పాఠమల్లా చదివి, అడిగిన పరీక్షలన్నీ నెగ్గిన తమ్ముడు ఎవరి కంటా పడడు. చెప్పుకోవలసింది అతని గురించి.

జిడ్డు నారాయణయ్య మద్రాసు యూనివర్సిటీ పట్టా పుచ్చుకుని రెవెన్యూలో కుదిరిన మనిషి. బదిలీల బతుకు. ఇంట్లో నిష్ఠగల బ్రాహ్మణాచారం, బయట 1882 నుంచీ దివ్యజ్ఞాన సమాజంలో సభ్యత్వం. రెండింటినీ ఆయన పొసగించుకున్నాడు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. అది 1911లో ఏర్పడింది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1895 మే నెలలో మదనపల్లెలో ఎనిమిదో బిడ్డ పుడితే, దేవకికి ఎనిమిదో కాన్పున పుట్టినవాడి పేరే పెట్టుకున్నారు. మూడేళ్లకు, 1898 మేలో, నిత్యానంద పుట్టాడు.

పెద్దవాణ్ని పసితనంలోనే మలేరియా పట్టి పీడించింది. చదువు మీద ధ్యాస లేదు. చీమల్నీ మబ్బుల్నీ చూస్తూ కూర్చుండిపోయేవాడు. చిన్నవాడు వేరు. మాటలు వచ్చీ రాకముందే పలకా బలపం పట్టుకుని, బడికి పోయే పిల్లల వెంట తానూ పోతానని బయల్దేరేవాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ ఇంట్లో పెద్దవాడు మొద్దు, చిన్నవాడు చురుకు అని అప్పుడే తేలిపోయింది. ఇలాంటి తీర్పులు మన ఇళ్లలో పిల్లలకు ఐదేళ్లు నిండకముందే వెలువడతాయి. వాటి మీద అప్పీలు ఉండదు.

1905 చివర్లో తల్లి సంజీవమ్మ పోయింది. ఒకడికి పదేళ్లు, ఒకడికి ఏడు. 1907 చివర్లో నారాయణయ్య రిటైరయ్యాడు. పింఛను జీతంలో సగం. ఇంటినిండా మగపిల్లలు. ఇల్లు గడిచే దారి కనిపించక, ఉండటానికి చోటిస్తే చేతనైన పని చేసి పెడతానని సమాజం అధ్యక్షురాలు అనిబిసెంట్‌కు మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాశాడు. 1909 జనవరిలో కుటుంబం అడయారు చేరింది. సమాజం ఆవరణ బయట పాతబడిన చిన్న ఇల్లు. పిల్లలు మైలాపూరు బడికి నడిచి వెళ్లేవారు. అక్కడ కృష్ణమూర్తికి దాదాపు రోజూ బెత్తం దెబ్బలు. పాఠం అప్పజెప్పలేదని అయ్యవారు బయట నిలబెడితే, లోపలికి రమ్మనే సంగతి ఆయనే మరిచిపోయేవాడట. పిల్లాడు చీకటి పడేదాకా అక్కడే నిలబడి ఉండేవాడు. సాయంత్రం చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేది తమ్ముడే.

ఆ వేసవిలోనే అడయారు సముద్రపు ఒడ్డున లెడ్‌బీటర్ కంటపడ్డారు. దివ్యదృష్టి ఉందని చెప్పుకునే ఆ ఇంగ్లీషాయన, లోకగురువు అవతరించబోయే దేహం ఈ మొద్దబ్బాయిదే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. ఎముకలు లెక్కపెట్టేట్టున్న ఈ పిల్లాడా? చూపు నిలవని, మాట పెగలని ఈ పిల్లాడా? చురుకైనవాడు పక్కనే ఉన్నాడు గదా! కానీ చురుకైనవాణ్ని ఎవరూ ఎంచుకోలేదు. అన్న ఒంటరిగా ఉండలేడు కాబట్టి తోడుగా వచ్చాడు. నిత్యానంద జీవితమంతా ఈ ఒక్క వాక్యంలోంచి నడిచింది.

బడి మాన్పించి ఇద్దరికీ సమాజంలోనే చదువు చెప్పించారు. ఇంగ్లీషు, లెక్కలు, టెన్నిసు, సైకిలు, స్నానం చేసే పద్ధతి, పాపిట తీసే పద్ధతి. 1910 జనవరిలో మరో తరహా పరీక్ష జరిగింది. తలుపులు మూసిన గదిలో రెండు రాత్రులూ ఒక పగలూ గడిచాక, కృష్ణమూర్తి తొలి దీక్షలో నెగ్గాడని లెడ్‌బీటర్ ప్రకటించాడు. ఆ సమాజంలో ఆధ్యాత్మికానికి కూడా తరగతులుండేవి. ఫలానావాడు ఇంత మెట్టు ఎక్కాడు, ఫలానావాడు ఇంకా కిందే ఉన్నాడు అని ఫలితాలు వెలువడేవి. పేపర్లు దిద్దేవారు ఎవరికీ కనిపించరు. రీవాల్యుయేషన్ మాట ఊసే లేదు. మైలాపూరు బళ్లో రోజూ తన్నులు తిన్న పిల్లాడు ఇక్కడ ఏడాది తిరక్కుండానే క్లాసు ఫస్టు. అక్కడ ఒడ్డున పడ్డ తమ్ముడు ఇక్కడ అన్న వెనక నిలబడ్డాడు.

1910 మార్చిలో నారాయణయ్య కాగితం మీద సంతకం పెట్టాడు. పిల్లలకు సంరక్షకురాలు అనిబిసెంట్. ఏడాది తిరిగేసరికి, 1911 మే నెలలో, ఇద్దరూ లండన్‌లో రైలు దిగారు.

కాళ్లకు బూట్లు. పుట్టినప్పటి నుంచీ మట్టిలో నడిచిన పాదాలు ఆ తోలులో ఒరుసుకుపోయాయి. ఫొటోల్లో మెడకు కాలరు బిగించి, జుట్టు భుజాల దాకా వదిలి, ఇద్దరూ కెమెరాను కాక కెమెరా వెనకాల ఎవరినో చూస్తున్నట్టుంటారు. తిండి కూడా పుస్తకం ప్రకారమే. లెడ్‌బీటర్ రాసిచ్చిన లెక్కన పాలు, గుడ్లు. కృష్ణమూర్తికి కడుపునొప్పి పట్టుకుంది. రాత్రిళ్లు మెలికలు తిరిగేవాడు. అన్నం చారుతో పెరిగిన కడుపు అది, ఏం చేస్తుంది.

ఈ భాగం రాస్తుంటే నాకు తిరుపతి హాస్టళ్లే గుర్తుకొస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పుంగనూరు, పలమనేరు, పీలేరు, సత్యవేడు బస్సుల్లోంచి ట్రంకుపెట్టె, బకెట్టు, చుట్టిన పరుపుతో దిగే పిల్లల్ని చూడండి. ఇంటిదగ్గర రాగిసంకటి, చెనిక్కాయల ఊరిబిండి. ఇక్కడ మెస్సులో నీళ్లసాంబారు. అదొక లెక్క కాదు, పదిరోజుల్లో అలవాటవుతుంది. అలవాటు కానిది క్లాసు. టెన్త్‌లో ఊరికే మొదటివాడు ఇక్కడ ఎనభై మంది మొదటివాళ్లలో ఒకడు. తెలుగులో చదివి వచ్చినవాడు బోర్డు మీది ఇంగ్లీషును అక్షరం పొల్లుపోకుండా నోట్సులోకి దించుకుంటాడు, ఒక్క ముక్కా లోపలికి పోదు. 2021 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కాలేజీల్లోనూ ఇంగ్లీషు మీడియమే అయిపోయింది కాబట్టి, బీటెక్ అయినా బీఎస్సీ అయినా గండం ఒకటే. అడుగుదామంటే నలుగురూ నవ్వుతారని భయం. ఊపిరి తీసుకునేలోపు మొదటి మిడ్ వచ్చేస్తుంది. ముప్పైకి ఎనిమిది. ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని, గోడవైపు తిరిగి ఫోను మాట్లాడే పిల్లాణ్ని చూశాను. “బాగుండా నాయనా. తినేసినా. సదువా? బాగా జరగతాంది.” ఫోను పెట్టేశాక చాలాసేపు దాని అద్దం చొక్కాకొసతో తుడుస్తూ కూర్చున్నాడు.

ఆ పిల్లాడికి కనీసం నాయనా అనడానికి ఫోను అవతల ఒక మనిషున్నాడు. లండన్‌లో ఈ ఇద్దరికీ ఆ మనిషితోనే వ్యాజ్యం.

పిల్లల్ని లెడ్‌బీటర్‌కు దూరంగా ఉంచాలని నారాయణయ్య పట్టుబట్టాడు. కుదరకపోయేసరికి 1912 అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. అది మద్రాసు హైకోర్టుకు మారింది. తండ్రి తరఫున సి.పి. రామస్వామి అయ్యర్ నిలబడ్డాడు. అనిబిసెంట్ తన కేసు తానే వాదించుకుంది. 1913 ఏప్రిల్ 15న జస్టిస్ బేక్‌వెల్ పిల్లల్ని తండ్రికి అప్పగించమన్నాడు. అప్పీలులోనూ ఆమె ఓడింది. చివరికి లండన్ ప్రివీ కౌన్సిల్ 1914 మే నెలలో, ఇంగ్లండులో ఉన్న పిల్లల కోసం చెంగల్పట్టులో దావా వేయడం చెల్లదని ఆ తీర్పులు కొట్టేసింది. ఈ రెండేళ్లూ ఆ ఇంటి రచ్చ పత్రికల్లో పడింది. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని పిల్లల్ని ఊరి నుంచి ఊరికి తిప్పారు. సిసిలీ, నార్మండీ, ఇంగ్లండులో పల్లెటూళ్లు. కావలి లేనిదే బయట అడుగు పెట్టనిచ్చేవారు కాదు. దావా వేసేనాటికి ఒకడికి పదిహేడేళ్లు, ఒకడికి పద్నాలుగు. తోటి వయసువాడు ఒక్కడు లేడు. ట్యూటర్లు, భక్తురాళ్లు, లాయర్లు.

మెల్లగా తెలుగు పోయింది. మొదట ఇంగ్లీషులోనే మాట్లాడమన్నారు, తర్వాత మాట్లాడటానికి మనిషి లేడు, ఆ తర్వాత మాటే లేదు. అన్నదమ్ములు ఇద్దరే ఉన్న గదిలోనూ ఇంగ్లీషే అయిపోయింది.

ఆక్స్‌ఫర్డ్‌లో చేర్చాలని 1911 నుంచీ ఆలోచన. నిత్యానంద కళ్లు మొదటి నుంచీ బలహీనం. అయినా దీపం ముందు కూర్చుని లాటిను పట్టుకున్నాడు. కోర్టు రచ్చ అయ్యాక, లోకగురువు ప్రచారం విన్నాక, ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీ తర్వాత ఒక కాలేజీ తలుపు వేసేసింది. కేంబ్రిడ్జి కూడా రానివ్వలేదు. మిగిలింది లండన్ యూనివర్సిటీ. దాని మెట్రిక్యులేషన్ మరీ గట్టిది. కెంటులో సాంగర్ అనే పాదిరీ దగ్గర ఇద్దర్నీ పరీక్షకు తయారు చేయించారు.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ ఆక్స్‌ఫర్డ్ ఈ మదనపల్లె బిడ్డల్ని గుమ్మంలో నిలబెట్టిన రోజుల్లోనే, 1915లో, అనిబిసెంట్ మదనపల్లెలో కాలేజీ తెరిచింది. మన సీమకు అది మహోపకారం. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు ఆ కాలేజీకి వచ్చి ఉన్నదీ, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నదీ అక్కడే. చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఆ కాలేజీ మెట్లెక్కారు, ప్లీడర్లయ్యారు, అయ్యవార్లయ్యారు. సాయంత్రానికి ఇంటికి పోయి తల్లి చేతి ముద్ద తిన్నారు. ఆ ఊరి బిడ్డలిద్దరికీ మాత్రం, ఆ కాలేజీ పెట్టిన చేతుల్లోనే పెరుగుతూ, అది పనికి రాలేదు. వాళ్లకు ఆక్స్‌ఫర్డే కావాలి. వాళ్లకు కాదు, వాళ్లను పెంచేవారికి. లోకగురువు పేరు వెనక ఆక్స్‌ఫర్డ్ ఉంటే బాగుంటుందని వారి లెక్క. ఐఐటీ ఫౌండేషన్ అని ఆరో తరగతిలోనే పిల్లాణ్ని కార్పొరేట్ స్కూల్లో పడేసే నాయనలు ఈ లెక్కను నాకంటే బాగా అర్థం చేసుకుంటారు.

సాంగర్‌కు ఇద్దరి మీదా ఒక అంచనా ఉండేది. చిన్నవాడి బుద్ధి పదును, పెద్దవాడి బుద్ధి విశాలం, కానీ దాన్ని మాటల్లో పెట్టలేడు అని. పదునైన బుద్ధికి పరీక్ష లొంగింది. 1918 జనవరి ఫలితం మొదట్లోనే చెప్పాను. అన్న అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. 1920 జనవరిలో మూడోసారి హాల్లోకి వెళ్లి తెల్లకాగితాలు ఇచ్చేసి వచ్చాడంటారు. ఆ నెలలోనే పారిస్ వెళ్లిపోయాడు. ఫ్రెంచి నేర్చుకున్నాడు, స్నేహితులను సంపాదించుకున్నాడు, నాటకాలు చూశాడు. పరీక్షల పీడ వదిలింది. ఆయన తప్పినందుకు ఎవరూ ఆయన్ని వదిలిపెట్టలేదు. ఆయనకు వేరే కుర్చీ సిద్ధంగా ఉంది. అమెరికా శ్రీమంతురాలు మిస్ డాడ్జి ఇద్దరికీ జీవితాంతం సొమ్ము ఏర్పాటు చేసినప్పుడు కూడా, అన్నకు ఏడాదికి 500 పౌన్లు, తమ్ముడికి 300.

ఆ 300 తక్కువేమీ కాదు. కానీ ఆ తేడా ప్రతిచోటా ఉండేది. స్టేషనుకు ఎదురొచ్చే పూలదండలు అన్నకు. ఉత్తరాలు అన్నకు. న్యూఢిల్లీ కట్టిన ఎడ్విన్ లట్యెన్స్ భార్య ఎమిలీ ఆ ఇద్దరినీ తల్లిలా చూసుకుంది. ఆమె కూతురు మేరీయే తర్వాత కృష్ణమూర్తి జీవితచరిత్ర రాసింది. ఆ ఇంట్లోనూ తల్లి మనసు మొగ్గింది అన్నవైపే. నిత్యానంద హాస్యప్రియుడు, మాటకారి. తనకంటూ ఎవరూ లేరన్న సంగతి మాత్రం అప్పుడప్పుడు బయటపడేది. యుద్ధకాలంలో ఫ్రాన్సు వెళ్లి రెడ్‌క్రాస్‌లో మోటారు సైకిలు మీద తిరుగుతూ పనిచేశాడు. బహుశా ఆ కొన్ని నెలలే అతను ఎవరి తమ్ముడూ కాకుండా బతికిన కాలం. అన్న కూడా రావాలని ఎంతో ఉబలాటపడ్డాడు, పెద్దలు పంపలేదు. లోకగురువును మోటారు సైకిలు మీద ఎలా పంపుతారు.

తిరిగొచ్చి న్యాయశాస్త్రం చదివాడు. అప్పటికి ఆ ఇంట్లో ఏదైనా సాధించినవాడు అతనొక్కడే. అందుకు దక్కిన ఫలమేమిటంటే, ఇక అతని గురించి ఎవరూ ఆందోళన పడలేదు.

కాలేజీలో చూస్తుంటాను. బ్యాక్‌లాగులు మిగిలినవాడి కోసం తండ్రిని పిలిపిస్తాం, మెంటర్ను పెడతాం, హాజరు తగ్గితే ఇంటికి మెసేజి పోతుంది. తొమ్మిదికి పైన జీపీఏ తెచ్చుకున్న అమ్మాయి కళ్ల కింద నల్లచారల గురించి అడిగే ఫారం మా దగ్గర లేదు. ఆ అమ్మాయి రాత్రి రెండింటికి బాత్రూం లైటు కింద కూర్చుని చదువుతుంది, తన రికార్డు రాసుకుని రూమ్మేటు రికార్డూ రాసిపెడుతుంది, చెల్లెలి ఫీజు గురించి ఇంటికి ఫోను చేస్తుంది. ఆమెకేం, బాగానే చదువుతోంది గదా అంటాం. నిత్యానంద గురించీ లండన్‌లో అదే అన్నారు.

1921లో మొదట ఆటలమ్మ పోసింది. కోలుకుంటున్నాడనుకునేలోపు నోట రక్తం పడింది. ఊపిరితిత్తిలో మచ్చ. క్షయ. అప్పటికి దానికి మందు లేదు. గాలి, ఎండ, పాలు, విశ్రాంతి. స్విట్జర్లాండు కొండల్లో ఉంచారు. అన్న పక్కనే కూర్చుని పుస్తకాలు చదివి వినిపించాడు. ఇంచుమించు ఆ కాలంలోనే ఇంగ్లండు చలిలో ఒళ్లు చెడి మద్రాసుకు తిరిగొచ్చిన లెక్కల మేధావి రామానుజన్ 1920లో పోయాడు. ఆయనా తొలి ఏడాది కాలేజీలో స్కాలర్‌షిప్పు పోగొట్టుకుని, ఇల్లు విడిచి విశాఖపట్నం పారిపోయినవాడే. మద్రాసు ప్రెసిడెన్సీ పిల్లల్ని ఆ దేశం ఏం చేసిందో ఎవరైనా విడిగా రాయాలి.

1921 డిసెంబరులో అన్నదమ్ములు ఇండియా వచ్చారు. పదేళ్ల తర్వాత. మద్రాసులో తండ్రిని చూడటానికి వెళ్లారు. ఇద్దరూ సాష్టాంగపడి పాదాలకు నుదురు ఆనించారు. సముద్రం దాటి, అన్య తిండి తిని వచ్చిన కొడుకులు తాకారని ముసలాయన లేచి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడని మేరీ లట్యెన్స్ రాసింది. ఆ కలయికను మరోలా చెప్పినవాళ్లూ ఉన్నారు. ఏది నిజమైనా, ఆ గదిలో మాట సాగలేదన్నది నిజం. తండ్రి పలకరించింది తెలుగులో. కొడుకులకు ఆ భాష రాదు. ప్రివీ కౌన్సిల్ దాకా నడిచిన వ్యాజ్యంలో నారాయణయ్య ఏం పోగొట్టుకున్నాడో ఆ మధ్యాహ్నం తెలిసి ఉంటుంది. 1924 ఫిబ్రవరిలో ఆయన పోయాడు.

1922 ఏప్రిల్‌లో సిడ్నీలో ఎక్స్‌రే తీస్తే రెండో ఊపిరితిత్తికీ పాకిందని తేలింది. స్విట్జర్లాండుకు పోవాలి. దారిలో కాలిఫోర్నియాలో ఆగారు. ఓహాయ్ అనే లోయ. నారింజతోటలు, పొడిగాలి, చుట్టూ కొండలు. అక్కడే ఉండిపోయారు. 1922 ఆగస్టులో అక్కడ మిరియపు చెట్టు కింద కృష్ణమూర్తికి కలిగిన అనుభవాల గురించి పుస్తకాలే వచ్చాయి. ఆ రోజుల్లో ఆయన పక్కన కూర్చుని, ఒళ్లు కాలుతున్నా, జరిగింది జరిగినట్టు రాసిపెట్టింది నిత్యానందే. మనకు ఇవాళ ఆ సంగతులు అంత వివరంగా తెలుస్తున్నాయంటే ఆ రోగి చేతి రాత వల్ల. అన్న రికార్డు కూడా తమ్ముడే రాశాడు.

క్షయ అంటే మా ప్రాంతం వాళ్లకు ఒకటే పేరు. మదనపల్లె శానిటోరియం. 1912లో క్రైస్తవ మిషన్లు కలిసి మొదలుపెట్టిన ఆసుపత్రి 1915 నుంచి ఊరి బయట ఆరోగ్యవరంలో నడిచింది. డెన్మార్కు డాక్టరు ఫ్రిమాట్ మోలర్ దాన్ని దక్షిణాదికంతా ఆసరాగా నిలబెట్టాడు. ఆ గాలి మంచిదని మద్రాసు నుంచీ, ఆ పైనుంచీ రోగులు వచ్చి నెలల తరబడి ఉండేవారు. మా పెద్దవాళ్లు, ఎవరైనా దగ్గితే చాలు, మదనపల్లెకు పొమ్మనేవారు. స్విట్జర్లాండు, ఆస్ట్రేలియా, అమెరికా తిరిగి నిత్యానంద వెతుక్కున్న పొడిగాలి తన వాళ్ల ఊళ్లోనే ఉంది. అక్కడ ఉంటే బతికేవాడని అనను. ఆరోగ్యవరంలోనూ ఎంతమందో పోయారు. ఊరికే ఆ రెండు చోట్లనూ పటంలో పక్కపక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది.

మధ్యలో ఒకసారి తగ్గిందన్నారు. మళ్లీ తిరగబెట్టింది. 1925లో సిడ్నీకి, అక్కడి నుంచి మళ్లీ ఓహాయ్‌కి. ఆ ఏడాది డిసెంబరులో అడయారులో దివ్యజ్ఞాన సమాజం యాభై ఏళ్ల పండుగ. కృష్ణమూర్తి వెళ్లక తప్పదు. తమ్ముణ్ని ఆ స్థితిలో వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు. కానీ సమాజం నమ్మే, కంటికి కనిపించని మహాత్ములు మాట ఇచ్చారు, నిత్యకు ఏమీ కాదు, అతని వల్ల జరగవలసిన పని చాలా ఉంది అని పెద్దలంతా చెప్పారు. ఆయన నమ్మాడు. నమ్మి ఓడ ఎక్కాడు.

నవంబరు 13న నిత్యానంద పోయాడు. ఇరవై ఏడేళ్లు. సూయజ్ కాలువలోకి ఓడ ప్రవేశిస్తుండగా, ఉరుములు మెరుపుల మధ్య, తంతి వచ్చింది.

ఆ ఓడలో కృష్ణమూర్తి గదిలోనే ఉన్న బి. శివరావు తర్వాత చెప్పిన సంగతి ఇది. పగలు కృష్ణమూర్తి ఎవరితో ఏమీ మాట్లాడకుండా, నిబ్బరంగా ఉండటానికి పెనుగులాడేవాడు. రాత్రి నిద్రలో ఏడ్చేవాడు, మూలిగేవాడు, నిత్యా అని కేకలు పెట్టేవాడు. కొన్నిసార్లు తెలుగులో. మెలకువలో ఒక్క తెలుగు మాట పలకలేని మనిషి. తండ్రి ముందు రాని తెలుగు, పదిహేనేళ్ల కిందట అడయారులో ఆగిపోయిన తెలుగు. అందులో ఏం అన్నాడో శివరావుకు అర్థమై ఉంటే ఎక్కడైనా రాసిపెట్టి ఉండేవాడేమో.

పది పన్నెండు రోజులకు కృష్ణమూర్తి ముఖం తేటపడింది. తమ్ముడి గురించి కొన్ని పేజీలు రాసుకున్నాడు. మహాత్ముల మాట మీద నమ్మకం మాత్రం ఆ సూయజ్ నీళ్లలోనే పోయిందని ఆయన చరిత్ర రాసినవారు అంటారు. 1929 ఆగస్టు 3న హాలండులో వేల మంది ముందు లోకగురువు కుర్చీని ఆయనే తోసేసిన రోజుకు మూలం అక్కడుంది. 1926లో మదనపల్లె పక్కన లోయలో పెద్ద మర్రిచెట్టు చూసి బడి పెట్టాలనుకున్నప్పుడు, బెత్తమూ ర్యాంకులూ లేని బడి కావాలనుకున్నాడు. మైలాపూరు దెబ్బలు ఆయన ఒంటి మీదున్నాయి. ఆనర్సు తెచ్చుకున్నవాడు ఏమయ్యాడన్నది కూడా ఆ లోయను చూస్తున్నప్పుడు ఆయన మనసులో మెదిలిందా అని నేను అనుకుంటుంటాను.

అదంతా తర్వాతి మాట. 1925 చలికాలానికి సమాజంలో ఫలితాలు ఇంకా వెలువడుతూనే ఉన్నాయి. ఆ ఆగస్టులోనే హాలండులో, ఫలానా ఫలానావారు నాలుగో దీక్ష నెగ్గి అర్హతులయ్యారని ప్రకటించారు. కృష్ణమూర్తి ఆ సభలో లేకపోయినా పేరు మాత్రం జాబితాలో ఉంది. అడయారు పండుగకు ఆస్ట్రేలియా నుంచి లెడ్‌బీటర్ వచ్చాడు. అడయారు ఒడ్డున ఇద్దరు పిల్లల్ని చూసి ఒకణ్ని ఎంచుకున్న మనిషి. తమ్ముణ్ని ఆమధ్యే పోగొట్టుకున్న కృష్ణమూర్తి ఎదురుపడితే, ఆయన చూస్తూనే అన్న మొదటి మాట, నువ్వు అర్హతుడివైతే అయ్యావు గదా, అని.